ఐసీ మార్చే ముందు ఆ 150 ఓమ్స్ రెసిస్టర్ రంగు చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివా. నాకు అర్థమైనంతవరకు మీ సెటప్ ఇదీ: పొలంలో ఓవర్‌హెడ్ ట్యాంకు, దాంట్లో 4-20 మిల్లీయాంప్ రెండు వైర్ల లెవెల్ సెన్సర్ (ట్యాంకు ఖాళీగా ఉంటే 4, నిండితే 20 మిల్లీయాంప్ పారనిచ్చేది), అక్కడ్నుంచి స్టార్టర్ పెట్టె ఉన్న షెడ్డు దాకా 120 మీటర్ల కేబులు, అది కూడా మోటారు కేబులు వెళ్లే పైపులోనే. షెడ్డులో 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), సెన్సర్ కరెంటు పారే 150 ఓమ్స్ రెసిస్టర్ మీద వోల్టేజీ తీసుకుని, టీఎల్వీ9002 అనే ఆంప్లిఫయర్ ఐసీని బఫర్ గా పెట్టి దాని గుండా ఈఎస్పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకి ఇస్తున్నారు. వానలు మొదలయ్యాక మూడు ఐసీలు పోయాయి, మూడోసారి ఈఎస్పీ32 కూడా పోయింది. పిడుగులే కారణం అనుకుని 3.3 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజీ దాటితే తెరుచుకుని కరెంటుని గ్రౌండుకి పంపాల్సిన డయోడు) పెట్టారు, అది పెట్టిన దగ్గర్నుంచి ట్యాంకు నిండినా 88 శాతం దగ్గరే ఆగిపోతోంది. ఇప్పుడు ఏ ఐసీ వేస్తే తట్టుకుంటుంది అని అడిగారు.

ఈ సర్క్యూట్లో ఏ ఐసీ వేసినా పోతుంది అండి. ఇంతకన్నా ఖరీదైంది వేస్తే ఖరీదైంది పోతుంది, అంతే తేడా. నేను ఇరవై ఏళ్ల పైనుంచి ఫ్యాక్టరీ బోర్డులు, వెయింగ్ స్కేళ్లు, ప్యానెళ్లు రిపేరు చేస్తున్నా, మొదటి మూడు నాలుగేళ్లు నేనూ ఐసీలు మార్చడమే రిపేరు అనుకున్నవాణ్ణే, అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ దగ్గర జరిగింది పిడుగు పని అవునా కాదా చూద్దాం. మీరే ఒక మాట రాశారు, రెండోసారి ఐసీ పోయే ముందు గంటసేపు రీడింగు 100 దాటి అక్కడే అతుక్కుపోయింది అని. పిడుగైతే గంటసేపు వార్నింగ్ ఇవ్వదు కదా. ట్యాంకు మీద జంక్షన్ బాక్సు ఉంటుంది చూడండి, అందులోకి వాన నీళ్లు దిగుంటాయని నా గట్టి అనుమానం. నీళ్లు, మురికి, టెర్మినళ్ల మీద పట్టిన చిలుము, అన్నీ కలిసి సెన్సర్ రెండు వైర్ల మధ్య కరెంటు పారడానికి దారి ఇస్తాయి. సెన్సర్ 15 మిల్లీయాంప్ ఇస్తుంటే ఆ తడి ఇంకో 15 కలుపుతుంది అనుకోండి, 30 మిల్లీయాంప్ అయితే 150 ఓమ్స్ మీద 4.5 వోల్టులు రావాలి. కానీ మీ ఐసీకి సప్లై 3.3 వోల్టులే. ఇన్‌పుట్ పిన్ను 4 వోల్టులు దాటబోయేసరికి ఐసీ లోపల పిన్ను నుంచి సప్లైకి ఉండే డయోడు తెరుచుకుంటుంది, మిగిలిన మూడు నాలుగు మిల్లీయాంప్ దాని గుండా పోతుంది. అప్పటికి ఐసీ బతికే ఉంది, రీడింగు మాత్రం పైన అతుక్కుపోయింది. తర్వాత తడి ఇంకా పెరిగిందో, రాగి పోగులు ఒకదానికొకటి తగిలాయో, 24 వోల్టులు నేరుగా వచ్చి పిన్ను మీద కూర్చున్నాయి. మధ్యలో ఆపేది ఏదీ లేదు, వెనక ఎస్ఎంపీఎస్ ఒకటి రెండు ఆంపియర్లు ఇవ్వడానికి రెడీగా ఉంది.

అందుకే రెసిస్టర్ రంగు చూడమన్నా. 150 ఓమ్స్ మీద 24 వోల్టులు అంటే 160 మిల్లీయాంప్, 3.84 వాట్లు. మీరు పెట్టింది పావు వాట్ ది. అది గోధుమరంగుకి తిరిగినా, కింద బోర్డు నల్లబడినా, కొలిస్తే 150 కాకుండా 170, 200 అలా చూపించినా మీకు తగిలింది ఎక్కువసేపు తోసిన కరెంటే, పిడుగు కాదు. మైక్రోసెకన్లలో పోయే దెబ్బకి రెసిస్టర్ అలా నెమ్మదిగా కాలదు.

ఇక ఈఎస్పీ32 ఎందుకు పోయిందో చూడండి, ఇది చాలామందికి తట్టదు. ఐసీ లోపలి ఆ డయోడు కరెంటుని ఎక్కడికి పంపిస్తుంది? మీ 3.3 వోల్టుల లైన్లోకి. మీరు వాడే ఏఎంఎస్1117 లాంటి రెగ్యులేటర్ కరెంటు ఇవ్వగలదే గాని వెనక్కి మింగలేదు. బోర్డు వాడుకోగలిగినంత వాడుకుంటుంది, అంతకన్నా ఎక్కువ వస్తే లైను వోల్టేజీ పైకి లేస్తూ పోతుంది. ఈఎస్పీ32 సప్లైకి పైహద్దు 3.6 వోల్టులు, టీఎల్వీ9002 కి 6. ఆ లైను మీద ఉన్నవన్నీ కలిసి పోవడం అలా జరుగుతుంది. అడాప్టర్ పీకేసినా బోర్డు మీద ఎల్ఈడీ మసగ్గా వెలుగుతోందని మీరు ఆశ్చర్యపోయారే, అదీ ఇదే దారి. 24 వోల్టులు ఆన్ లో ఉండి 3.3 లేకపోతే లూపు కరెంటులో కొంత ఐసీ డయోడు గుండా దొంగదారిన వచ్చి మీ బోర్డుని సగం లేపుతోంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, ఏది ముందు ఆన్ అయితే దాన్ని బట్టి, ఆ ఐసీ ఈ భారం మోస్తూనే ఉంది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. డేటాషీట్లో ఈఎస్డీ (చేతి నుంచి తగిలే స్టాటిక్ షాక్) 2000 వోల్టులు తట్టుకుంటుంది అని చూసి 24 ఎంత లే అనుకుంటాం. ఆ 2000 వోల్టుల పరీక్షలో కెపాసిటర్ 100 పికోఫారడ్, దాని ముందు 1500 ఓమ్స్. లెక్క వేస్తే దాంట్లో ఉన్న మొత్తం శక్తి 0.2 మిల్లీజౌల్, అందులోనూ ఎక్కువ భాగం ఆ 1500 ఓమ్స్ లోనే ఖర్చయిపోతుంది, మైక్రోసెకను లోపే తతంగం అయిపోతుంది. ఫ్యాక్టరీలో ఐసీని చేత్తో పట్టుకున్నప్పుడు, బోర్డు మీద వేసేటప్పుడు పోకుండా పెట్టిన రక్షణ అది. మీ ఎస్ఎంపీఎస్ తో 1 ఆంపియర్ తోస్తే ఆ చిన్న డయోడు మీద ఒక వాట్ పైనే పడుతుంది, అంటే ప్రతి మిల్లీసెకనుకి 1 మిల్లీజౌల్, అదీ ఆగకుండా. డేటాషీట్లోనే రాసి ఉంటుంది, ఇన్‌పుట్ సప్లై కన్నా అర వోల్టు దాటే అవకాశం ఉంటే కరెంటు 10 మిల్లీయాంప్ లోపు ఉంచమని. వోల్టేజీ పట్టికలో కింద చిన్న అక్షరాల్లో ఉండే ఈ కరెంటు హద్దే నేను ముందు వెతికేది. అది కూడా చావకుండా ఉండే హద్దు, పని చేయించుకునే హద్దు కాదు, నేనైతే 1 మిల్లీయాంప్ లోపు ఉండేలా చూస్తా.

కాబట్టి ఏ ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ అయినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటా. క్షణంలో కొట్టి పోయే దెబ్బ ఏది, ఎక్కువసేపు తోసే తప్పు ఏది. రెండిటికీ కాపలా వేరు. ఒకదాని కాపలాని రెండోదానికి పెడితే ముందు కాపలాయే కాలిపోతుంది. మీ జీనర్ సంగతి అదే. 24 వోల్టులు వచ్చి కూర్చుంటే జీనర్ ముందు ఏ రెసిస్టర్ లేదు కాబట్టి అదే ముందు పోతుంది. పైగా 3.3 వోల్టుల జీనర్ అంటే 3.3 దగ్గర టక్కున తెరుచుకునే తలుపు కాదు. 1ఎన్4728ఏ డేటాషీట్ చూడండి, 3.3 వోల్టులు అనేది 76 మిల్లీయాంప్ పారుతున్నప్పటి మాట, ఒక్క వోల్టు దగ్గరే 100 మైక్రోయాంప్ వరకు లీకవ్వొచ్చని రాసి ఉంటుంది. 5 వోల్టుల కన్నా తక్కువ జీనర్లన్నీ ఇలాగే మెత్తగా తెరుచుకుంటాయి. మీ ట్యాంకు నిండినప్పుడు 20 మిల్లీయాంప్ లో కొంత జీనర్ లోకి జారిపోతోంది, 150 ఓమ్స్ కి తగ్గి వస్తోంది, అందుకే 88 శాతం. సెన్సర్ ని అనుమానించకండి, జీనర్ తీసేయండి.

ఇప్పుడు ఎలా కట్టాలో చెప్తా. టెర్మినల్ దగ్గర్నుంచి లోపలికి వద్దాం.

మొదటిది, 24 వోల్టులు సెన్సర్ కి వెళ్లే వైర్లో 220 ఓమ్స్, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి సిరీస్ లో వేయండి. 20 మిల్లీయాంప్ దగ్గర దాని మీద 4.4 వోల్టులు, 150 ఓమ్స్ మీద 3 వోల్టులు పోగా సెన్సర్ కి ఇంకా 16.6 మిగులుతుంది, కేబుల్లో పోయేది పావు వోల్టు కూడా ఉండదు. మీ సెన్సర్ కి కనీసం ఎంత కావాలో దాని లేబుల్ మీద ఉంటుంది, 10, 12 అలా ఉంటుంది ఎక్కువగా, ఒకసారి చూసుకోండి. ఇప్పుడు ట్యాంకు దగ్గర వైర్లు పూర్తిగా షార్ట్ అయినా 65 మిల్లీయాంప్ దాటదు, 150 ఓమ్స్ మీద 0.63 వాట్, అది 1 వాట్ మెటల్ ఫిల్మ్ ది వేస్తే రాత్రంతా షార్ట్ లో ఉన్నా ఏమీ కాదు. ఈ 220 కి అయ్యే ఖర్చు టీ ఖర్చు కన్నా తక్కువ, నాకు తెలిసి సగం ప్యానెళ్లలో ఉండదు.

రెండోది, ఎవరో ఒకరు ఏదో ఒకరోజు చెకింగ్ చేస్తూ 24 వోల్టుల వైరుని తీసుకెళ్లి నేరుగా ఇన్‌పుట్ టెర్మినల్ లో పెడతారు. తప్పకుండా జరుగుతుంది, రాసిపెట్టుకోండి. దానికోసం ఇన్‌పుట్ వైర్లో 50 మిల్లీయాంప్ హోల్డ్ (తెగకుండా మోసే కరెంటు), 60 వోల్టుల పాలీఫ్యూజు, అంటే కరెంటు ఎక్కువైతే వేడెక్కి అడ్డుకుని, చల్లారాక తనే మామూలైపోయే ఫ్యూజు. ఇది కరెంటు లూపు కాబట్టి ఫ్యూజు రెసిస్టెన్సు ఎంతున్నా రీడింగుకి అడ్డు రాదు. అది నెమ్మది, తెగడానికి సెకన్లు పడుతుంది, కాబట్టి ఐసీని కాపాడేది అది కాదు, 150 ఓమ్స్ ని కాపాడటానికే.

మూడోది టీవీఎస్ డయోడు, అంటే క్షణంలో కొట్టే వోల్టేజీ దెబ్బని పట్టుకుని ఎర్త్ కి పంపే డయోడు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. సిగ్నల్ 3 వోల్టులే కదా అని 5 వోల్టుల టీవీఎస్ తెచ్చి పెడతారు. 24 వోల్టులు తగిలిన వెంటనే అది తెరుచుకుని, ఆగని కరెంటు మోయలేక కాలి షార్ట్ అయిపోతుంది. టీవీఎస్ మైక్రోసెకన్ల దెబ్బకి పుట్టింది, ఆ 600 వాట్లు అని రాసేది మిల్లీసెకను పల్స్ కి సంబంధించిన మాట. అందుకే సిగ్నల్ ఎంత అని చూడొద్దు, ఎక్కువసేపు తగలగలిగే తప్పు వోల్టేజీ ఎంత అని చూసి దానికన్నా పైది ఎంచుకోండి. మీకు ఎస్ఎంబీజే33సీఏ సరిపోతుంది. 33 వోల్టుల వరకు కదలదు, దెబ్బ తగిలినప్పుడు 11.3 ఆంపియర్ల దగ్గర 53.3 వోల్టులకి పట్టుకుంటుంది. 53 అంటే ఐసీకి చాలా ఎక్కువే, కానీ దాని తర్వాత రెసిస్టర్లు ఉన్నాయి, వాటి సంగతి ఇప్పుడు చెప్తా. సెన్సర్ కి వెళ్లే 24 వోల్టుల వైరుకి ఒకటి, తిరిగొచ్చే వైరుకి ఒకటి, రెండూ టెర్మినల్ పక్కనే, రెండూ ప్యానెల్ ఎర్త్ కి వీలైనంత పొట్టి వైరుతో. పొట్టి అని ఎందుకంటున్నానంటే 20 సెంటీమీటర్ల వైరు అంటే ఉజ్జాయింపుగా 200 నానోహెన్రీ, 8 మైక్రోసెకన్లలో 1000 ఆంపియర్లు ఎక్కే సర్జ్ వస్తే ఆ వైరు మీదే 25 వోల్టులు పుడతాయి, టీవీఎస్ ఎంత మంచిదైనా ఆ 25 దానికి కలుస్తాయి.

ఇక ఐసీ ముందు. 150 ఓమ్స్ దగ్గర్నుంచి 12కె (12 కిలోఓమ్స్) రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండుకి 1 మైక్రోఫారడ్, అదే పాయింట్లో రెండు డయోడులు, ఒకటి 3.3 కి, ఒకటి గ్రౌండుకి, ఆ పాయింటు నుంచి ఐసీ పిన్నుకి ఇంకో 10కె. రెండు రెసిస్టర్లు ఎందుకు అంటే, 24 వోల్టులు వస్తే 12కె గుండా 1.7 మిల్లీయాంప్ వస్తుంది, అది బయటి డయోడు మోస్తుంది, ఆ పాయింటు 4 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. అక్కడ్నుంచి లోపలి డయోడులోకి పోవాలంటే ఇంకో 10కె దాటాలి, రెండు డయోడుల మధ్య వోల్టేజీ తేడా వోల్టులో చిన్న భాగమే కాబట్టి పారితే పదుల మైక్రోయాంప్లే. బయటి డయోడు, లోపలి డయోడు రెండూ ఒకే వోల్టేజీకి తెరుచుకునేవైనా ఫరవాలేదు, ఆ 10కె వల్ల బరువంతా బయటిదానిమీదే పడుతుంది. ఒక్క డయోడు పెట్టి పిన్నుకి నేరుగా కలిపేస్తే రెండూ కరెంటు పంచుకుంటాయి, ఎంత పంచుకుంటాయో మన చేతుల్లో ఉండదు. ఈ రెండో రెసిస్టర్ ఇంకో పని కూడా చేస్తుంది, సప్లై పోయినప్పుడు ఆ 1 మైక్రోఫారడ్ లో ఉన్న ఛార్జి ఒక్కసారిగా పిన్ను గుండా పారకుండా ఆపుతుంది. 10, 22 మైక్రోఫారడ్ తీసుకొచ్చి నేరుగా పిన్ను కాలికి కట్టిన బోర్డులు నేను చాలా చూశా, స్విచ్ ఆఫ్ చేసిన ప్రతిసారీ ఐసీకి దెబ్బే.

ఇన్ని కిలోఓమ్స్ పెడితే రీడింగు తేడా రాదా అంటే, టీఎల్వీ9002 ఇన్‌పుట్ లాగేది పికోయాంప్లు, 22కె మీద దానివల్ల వచ్చేది నానోవోల్టుల్లో ఉంటుంది. 12కె, 1 మైక్రోఫారడ్ కలిసి 13 హెర్ట్జ్ ఫిల్టర్ అవుతుంది, మోటారు కేబులు నుంచి ఎక్కే 50 హెర్ట్జ్ హమ్ కూడా తగ్గుతుంది, ట్యాంకులో నీళ్లు సెకనుకి పదిసార్లు మారవు కదా. ఆడియోలోనో, చాలా చిన్న సిగ్నల్ దగ్గరో ఇలా చేయలేం, అక్కడ రెసిస్టర్ తన సొంత నాయిస్ తెస్తుంది, ఆ లెక్క వేరు.

డయోడుల విషయంలో తొందరపడి బీఏటీ54ఎస్ అనే షాట్కీ రకం వేయకండి, అందరూ అదే చెప్తారు. షాట్కీ డయోడు లీకేజీ వేడికి బాగా పెరుగుతుంది, మే నెలలో రేకుల షెడ్డులో ప్యానెల్ లోపల ఎంత ఉంటుందో మీకే తెలుసు. ఒక్క మైక్రోయాంప్ లీకైనా 12కె మీద 12 మిల్లీవోల్టులు, మీ 2.4 వోల్టుల స్పాన్ లో (ఖాళీకి 0.6, నిండుకి 3) అది అర శాతం. బీఏవీ199 దొరికితే అది వేయండి, రెండు డయోడులు ఒకే ప్యాకేజీలో, లీకేజీ నానోయాంప్ లెక్కలో. దొరక్కపోతే రెండు 1ఎన్4148. నేనైతే అత్యవసరానికి బీసీ547 బేస్-కలెక్టర్ జంక్షన్ని డయోడులా వాడేవాణ్ణి, ఎమిటర్ కాలు కోసేసి, లీకేజీ చాలా తక్కువ, కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా ఉంటుంది.

ఇంకొకటి మర్చిపోకండి. ఆ 1.7 మిల్లీయాంప్ మళ్లీ 3.3 లైన్లోకే వెళ్తోంది. ఈఎస్పీ32 మేలుకుని ఉన్నంతసేపు తేలిగ్గా మింగేస్తుంది, కానీ మీరు డీప్ స్లీప్ వాడుతున్నా అన్నారు, అప్పుడు అది లాగేది మైక్రోయాంప్లే, లైను మెల్లగా 3.6 దాటుతుంది. 3.3 నుంచి గ్రౌండుకి 1కె రెసిస్టర్ ఒకటి వేసేయండి, ఎప్పుడూ 3.3 మిల్లీయాంప్ మింగుతూ ఉంటుంది. మీది బ్యాటరీ కాదు కాబట్టి నష్టం లేదు.

ఇదంతా చేసినా కాపాడలేనివి ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. మోటారు కేబులు ఉన్న పైపులోంచి సెన్సర్ కేబులు తీసేయండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు. కాంటాక్టర్ పడిన ప్రతిసారీ దాని నుంచి స్పైకులు ఎక్కుతాయి, అది సరే టీవీఎస్ చూసుకుంటుంది, కానీ ఇన్సులేషన్ గీరుకుపోయి ఫేజు తగిలిందా, నేను చెప్పిన ఏ పార్టూ నిలబడదు, పాలీఫ్యూజు 60 వోల్టులదే, టీవీఎస్ 33 వోల్టులదే. ఐసీ సంగతి అటుంచి, బోర్డు ముట్టుకున్న మనిషికి ప్రమాదం. వేరే పైపు, షీల్డ్ ఉన్న కేబులు, షీల్డ్ ని ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. అలాగే ఊళ్లో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజు సాకెట్లో 400 దగ్గర దాకా రావొచ్చు, ఎస్ఎంపీఎస్ ముందు 14డీ471కె ఎంఓవీ (వోల్టేజీ ఎక్కువైతే తెరుచుకుని దెబ్బని మింగే పార్టు) పెడితే స్పైకులకి పనికొస్తుంది గాని 400 వోల్టులు నిలబడి ఉంటే అది 300 వోల్టుల ఏసీకి తయారైంది, వేడెక్కి మండుతుంది. అందుకని దాని ముందు ఫ్యూజు లేకుండా ఎంఓవీ పెట్టొద్దు. మళ్లీ అదే కథ చూడండి, క్షణం దెబ్బకి ఎంఓవీ, ఎక్కువసేపు తోసేదానికి ఫ్యూజు. ట్యాంకు మీదే నేరుగా పిడుగు పడితే ఏదీ ఆగదు, దగ్గర్లో పడినవాటికి మాత్రం 90 వోల్టుల గ్యాస్ ట్యూబు (లోపలి గ్యాస్ వెలిగి సర్జ్ ని ఎర్త్ కి పంపేది) టెర్మినల్లో ముందు, తర్వాత 10 ఓమ్స్, తర్వాత టీవీఎస్ అలా పెడితే చాలా వరకు నిలుస్తుంది. మధ్యలో 10 ఓమ్స్ లేకపోతే టీవీఎస్ ముందే పట్టేసుకుని ట్యూబుని వెలగనివ్వదు.

కరెంటు ఏ దారిన వచ్చిందో చూడకుండా ఐసీలు మార్చడం అంటే ఎలా ఉంటుందో నాకు నేర్పింది మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు. తూకం వేసే హాపర్ కి బరువు పసిగట్టే లోడ్‌సెల్ ఆంప్లిఫయర్, రెండు నెలల్లో ఐదుసార్లు మార్చా. సప్లైలో స్టెబిలైజర్ పెట్టా, టీవీఎస్ లు పెట్టా, ఎర్త్ పిట్ కొత్తది తవ్వించా. ఐదోసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం ఊరికే కూర్చుని చూస్తుంటే వెల్డర్ వచ్చి హాపర్ కి ఒక పట్టీ అతికిస్తున్నాడు, ఎర్త్ క్లాంప్ ఎక్కడో దూరంగా షెడ్డు స్తంభానికి తగిలించాడు. వందకి పైగా ఆంపియర్లు హాపర్ నుంచి స్తంభానికి వెళ్లాలంటే దారి లోడ్‌సెల్, దాని కేబులు షీల్డే. ప్రతిసారీ రిపేరు తర్వాత వారానికో రెండు వారాలకో ఏదో వెల్డింగు పడేది, మళ్లీ బోర్డు పోయేది. లోడ్‌సెల్ పక్కన పైనుంచి కిందికి రాగి అల్లిక పట్టీ ఒకటి బిగించి, వెల్డింగ్ ముందు కేబులు పీకమని, క్లాంప్ అతికించే చోటే పెట్టమని చెప్పి వచ్చా. ఆ ఆరో బోర్డు ఏళ్లపాటు నడిచింది. ఆ ఐదు బోర్డుల డబ్బు మిల్లు వాళ్లది, అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

బోర్డు మళ్లీ పొలంలో బిగించే ముందు టేబుల్ మీద నాలుగు పరీక్షలు చేయండి. 3.3 ఆన్ లో ఉంచి సెన్సర్ టెర్మినళ్లు రెండూ షార్ట్ చేసి పది నిమిషాలు వదిలేయండి, మధ్యమధ్యలో 3.3 లైను కొలవండి, డీప్ స్లీప్ లో కూడా కొలవండి. తర్వాత 24 వోల్టులు నేరుగా ఇన్‌పుట్ కి ఒక నిమిషం. తర్వాత ఆ 24 ని తిరగేసి ఒక నిమిషం. చివరగా 3.3 ఆఫ్ చేసి లూపులో 20 మిల్లీయాంప్ నడిపించి ఎల్ఈడీ వెలగట్లేదని చూసుకోండి. అన్నీ అయ్యాక ముందు రీడింగు, తర్వాత రీడింగు ఒకటేనా చూడండి, సగం దెబ్బతిన్న ఐసీ పనిచేస్తూనే ఉంటుంది, లీకేజీ పెరిగి ఇప్పుడు పెట్టిన 22కె మీద తేడా చూపిస్తుంది, అది అక్కడే పట్టుకోవచ్చు.

పోయిన మూడు ఐసీలు పారేయకపోతే మీటరు డయోడు మోడ్ లో పెట్టి 3వ పిన్నుకి 4, 8 పిన్నులతో రెండు వైపులా కొలిచి, పక్కన కొత్త ఐసీని కూడా అలాగే కొలిచి రాయండి. 3కి 8కి మధ్య షార్ట్ చూపిస్తే 24 వోల్టుల దారే అని తేలిపోతుంది, 3కి 4కి మధ్య పోతే ఇన్‌పుట్ గ్రౌండు కన్నా కిందికి కూడా వెళ్తోందని అర్థం, అప్పుడు ఎర్తింగ్ గురించి ఇంకొంచెం మాట్లాడుకోవాలి. జంక్షన్ బాక్సు మూత తీసి లోపల ఫోటో కూడా ఒకటి పెట్టండి.